లెక్కకు రాని మన మరణములు

కడచిన సంవత్సరము కోవిల్‌పట్టిలో మనకు కావలసినవారి ఇంట ఒక పెద్దామె కాలము చేసెను. పదునొకండవ దినపు కర్మకు మేమును పోయి యుంటిమి. భోజనములైన పిమ్మట పదిమందిమి తిన్నెమీద కూర్చుండి యుండగా ఒక యువకుడు చేత కాగితముల సంచితో వచ్చి నిలువబడెను. తాను క్యాన్సరు లెక్కలు వ్రాయు పనిమీద వచ్చితిననియు, ఆసుపత్రి పుస్తకములో ఒక స్త్రీ పేరునకు మదుర చిరునామా యొకటి, ఈ యూరి చిరునామా యొకటి కనబడుచున్నవనియు, ఆమె నిజముగా ఎచట కాపురముండెనో తెలిసికొని పోవలెననియు అరవములో వినయముగా చెప్పెను. ఇంటి పెద్దకుమారుడు ముఖము చిట్లించి, అట్టి జబ్బు తమ ఇంట ఎవరికిని లేదనియు, తన తల్లి వయసు మీరి పోయినదనియు చెప్పి అతనిని పంపివేసెను. ఆమె గర్భాశయ క్యాన్సరుతో మదురలో తమ్ముని ఇంటనుండి ఎనిమిది నెలలు చికిత్స పొందినదని తిన్నెమీద నున్న ప్రతివారికిని తెలియును. మాకును తెలియును. ఒక్కరమును నోరు విప్పలేదు. ఆ యువకుడు కాగితముమీద ఏమో గీచికొని, వచ్చిన దారినే ఎండలో పోయెను.

ఆ పెద్దకుమారునికి పెండ్లి కావలసిన కుమార్తె యున్నది. ఆయన భయము మాకు తెలియనిది కాదు. ఫలానా ఇంట ఆ రోగమున్నదట అను మాట సంబంధములు చూచువారి చెవిని పడెనా, జాతకములు తిరిగి వచ్చును. నిజమునకు గర్భాశయ ముఖద్వారమున పుట్టు క్యాన్సరు తల్లినుండి బిడ్డకు వంశముగా దిగు రోగము కాదు. పాపిల్లోమా అను వైరసు చాలకాలము నిలిచియుండుటవలన కలుగునది. ఆ సంగతిని నిర్ధారణ చేసిన హెరాల్డ్ ట్సుర్ హౌజెన్ అను జర్మను పండితునికి 2008లో నోబెలు బహుమానమును ఇచ్చిరి. అయినను జాతకము చేతబట్టుకొని వచ్చువారు నోబెలు బహుమానముల సంగతి విచారింపరు.

ఈ వారము మేమీ విషయమును చేపట్టుట ఆ ఇంటివారిని నిందించుటకు కాదు. ఆ యువకుని స్థానమున మన ఇంటి బిడ్డ యొకడో యొకతెయో నిలిచి, "అవ్వా, నాతో చెప్పు, ఎవరితోనూ చెప్పను" అని మన మాటలో అడిగి యుండిన యెడల ఏమయ్యెడిది అను ఆలోచన ఆనాటినుండి మమ్ము విడువకున్నది. క్యాన్సరు ఎవరికి, ఎచట, ఏ కారణమున వచ్చుచున్నదో కనిపెట్టు విద్య యొకటి కలదు. దానిని ఎపిడెమియాలజీ అందురు; మనము వ్యాధివ్యాప్తి శాస్త్రమనవచ్చును. కోవిల్‌పట్టి, విరుదునగరు ప్రాంతముల మనవారిలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, మిల్లులు నడుపువారున్నారు. ఈ విద్య నభ్యసించినవారు మా ఎరుకలో ఒక్కరును లేరు. ఉండవలెననుట మా అభిప్రాయము.

ఈ విద్యలో మొదటి మెట్టు లెక్క. చదువరులు నవ్వవచ్చును, ఇంత మాత్రమునకు శాస్త్రమెందుకని. మన కరిసల నేల గ్రామములనే చూడుడు. చదువుకొన్న కుర్రవారందరు చెన్నైకి, కోయంబత్తూరునకు, బెంగుళూరునకు పోయిరి. ఊరిలో మిగిలినవారు ముసలివారు. క్యాన్సరు వయసుతోపాటు పెరుగు వ్యాధి. అట్టి గ్రామములో వేయిమందికి ఇంతమంది అని లెక్కించి, కుర్రవారితో నిండియున్న పట్టణముతో పోల్చినయెడల, గ్రామమేదో శాపగ్రస్తమైనట్లు కనబడును. వెంటనే ఒకరు పురుగుమందు అందురు, మరియొకరు బోరునీరు అందురు, ఇంకొకరు సెల్‌ఫోను గోపురమును చూపుదురు. వారిలో ఎవరైనను నిజమే చెప్పుచుండవచ్చును. కాని తిన్నెమీద కూర్చుండి దానిని తేల్చలేము. రెండు చోట్లను వయసువారీగా విడదీసి, ఒకే విధమైన జనసంఖ్యకు సరిదిద్ది, అప్పుడు పోల్చవలెను. దీనిని నేర్చినవాడు చేయును. నేర్వనివాడు ఎంత మంచివాడైనను తప్పే చెప్పును.

రెండవ మెట్టు అడుగుట. ఇది లెక్కకన్న కష్టము. 1950లో లండనులో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను నిరువురు పొగత్రాగుటకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును బయటపెట్టిరి. ఆసుపత్రులలో రోగుల పడకలయొద్దకు పోయి ప్రశ్నలడిగినవారు డాక్టర్లు కారు. ఆ పనికై ప్రత్యేకముగా నియమింపబడిన నలుగురు ఆసుపత్రి సేవికలు. అడుగువారికి "ఇతనికి క్యాన్సరు" అను తలంపు ముందే యున్నచో, తెలియకయే సిగరెట్ల సంగతిని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుదురేమో అను శంక ఆ శాస్త్రజ్ఞులకు కలిగినది. దానిని పరీక్షించుటకు వారు చక్కని యుపాయము పన్నిరి. ఊపిరితిత్తుల క్యాన్సరని మొదట అనుకొని ప్రశ్నింపగా, తరువాత కాదని తేలిన రోగుల సమాధానములను వేరుగా తీసి చూచిరి. వారి పొగత్రాగు అలవాట్లు తక్కిన రోగులవలెనే యుండెను గాని క్యాన్సరు రోగులవలె లేవు. అడుగువారి పక్షపాతము లేదని ఆ విధముగా తేలినది. ఇట్టి శంక పడుటయే ఈ విద్యలోని ముఖ్యభాగమని మాకు తోచుచున్నది.

ఆ ఇరువురిలో హిల్ వైద్యుడే కాడు. మొదటి ప్రపంచయుద్ధమున క్షయ తగిలి వైద్యవిద్యకు దూరమై, పడకమీదనుండియే ఉత్తరములద్వారా అర్థశాస్త్రము చదివి, తరువాత గణాంకశాస్త్రమున ప్రవేశించినవాడు. నీట్ పరీక్షలో మార్కులు చాలక మంచమెక్కి ఏడ్చుచున్న బిడ్డలు మన ఇండ్లలో ఏటేటా కనబడుచున్నారు గనుక ఈ సంగతిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

మన దేశమున ఈ పని ఎట్లు సాగినదో కొంత చెప్పవలెను. ఒక ప్రాంతమునందలి జనులందరిలో క్రొత్తగా వచ్చిన ప్రతి క్యాన్సరును వ్రాసియుంచు నమోదు పట్టికను మొదట నెలకొల్పినది బొంబాయిలో, 1963లో. దానికి కారకుడు జుస్సావాలా అను శస్త్రవైద్యుడు. 1981 చివర భారత వైద్య పరిశోధన మండలి జాతీయ కార్యక్రమమును ప్రారంభించి, 1982 జనవరినుండి బొంబాయి, బెంగుళూరు, చెన్నపట్టణములలో లెక్కలు వ్రాయించెను. చెన్నపట్టణపు పట్టికను అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వహించినది. ఆ సంస్థను 1954లో స్థాపించిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తమ చెల్లెలిని ఈ వ్యాధికే పోగొట్టుకొన్నవారు. వారి తరువాత డాక్టరు కృష్ణమూర్తిగారు, డాక్టరు శాంతగారు దానిని పెంచిరి. శాంతగారు 2021లో పరమపదించిరి. పట్టిక ఆరంభమైన నాడు చెన్నపట్టణపు స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అన్నిటికంటె హెచ్చుగా ఉండెను. తరువాతి దశాబ్దములలో అది తగ్గుచు వచ్చి, రొమ్ము క్యాన్సరు మొదటి స్థానమునకు ఎక్కినది. ఈ మార్పు ఏ డాక్టరు కంటికిని తన గదిలో కూర్చుండగా కనబడునది కాదు. ఏండ్లతరబడి ఎవరో ఆసుపత్రి ఆసుపత్రికి తిరిగి కాగితములు నింపుటవలన కనబడినది.

ఇచట ఒక సంగతిని మనవారు గమనింపవలెను. విదేశములలో పెక్కుచోట్ల ఆసుపత్రులే తమంతట తాము వివరములు పంపును. మన దేశములో చాలచోట్ల అట్లు కాదు. నమోదు పట్టికవారే ఆసుపత్రులకు, కణపరీక్షశాలలకు, మునిసిపాలిటీ జనన మరణ పుస్తకములయొద్దకు పోయి ఏరి తెచ్చికొనవలెను. తెచ్చిన పేర్లలో ఒకే మనిషి రెండుచోట్ల కనబడిన ఒకటిగా చేయవలెను. ఆ రోగి కనీసము ఒక సంవత్సరమైన ఆ ప్రాంతమున నివసించి యుండెనా యని చూడవలెను. ఈ కడపటి షరతులోనే మనవారు లెక్కను పాడుచేయుచున్నారు. విరుదునగరులో పుట్టి, పెరిగి, అచటనే వర్తకము చేయు మనిషి, చికిత్సకు చెన్నైకి పోయి, అల్లుని ఇంటి చిరునామా వ్రాయించును. ఉత్తరములు సులభముగా చేరునని కొందరు, ఊరిలో తెలియకుండునని కొందరు. ఆ మనిషి చెన్నై లెక్కలో చేరును. లేదా ఎచటను చేరకపోవును. ఇట్లు పదిమంది చేసిన విరుదునగరులో క్యాన్సరు తక్కువయని కాగితము చెప్పును. క్యాన్సరు తక్కువయున్న ఊరికి చికిత్సాయంత్రము ఎందుకని పైవారు అడిగిన తప్పేమి?

రాష్ట్రమంతటికిని నమోదు పట్టిక యుండవలెనను ప్రయత్నము తమిళనాడులో 2012లో అడయారు సంస్థ ద్వారానే మొదలైనది. ఏడు కోట్లకు పైబడిన జనమున్న రాష్ట్రములో ఇది సామాన్యమైన పని కాదు. దేశమంతట చూచినచో 2020లో జాతీయ నివేదిక వెలువడునాటికి జనసంఖ్యను బట్టి వ్రాయు పట్టికలు ఇరువదియెనిమిది మాత్రమే యుండెను. అవి జనములో పదియవ వంతు మందిని మాత్రమే కప్పుచుండెను. ఇట్టి స్థితిలో పనివారు ఎచటనుండి రావలెను? ఎవరి ఇండ్లనుండి రావలెను?

మన పొరుగుననే యున్న దిండిగల్లు సంగతిని వినుడు. 2000వ సంవత్సరమున ఆ జిల్లాలో నూట పదునాలుగు పంచాయతులను తీసికొని, చీటీలు వేసినట్లు రెండు సమభాగములుగా విడదీసిరి. ఒక భాగములో ముప్పదినుండి ఏబదితొమ్మిది ఏండ్ల స్త్రీలను శిక్షణ పొందిన నర్సులు పరీక్షించిరి. పరీక్ష కూడ ఖరీదైనది కాదు. పలుచని ఎసిటికామ్లమును, అనగా పులుసువంటి దానిని, గర్భాశయ ముఖద్వారమున పూసి తెల్లబడునా యని చూచుట. రెండవ భాగమునకు వాడుకలో నున్న వైద్యమే. ఈ పనిని నడపిన శంకరనారాయణన్‌గారు కేరళీయులు. ఫ్రాన్సు దేశమున లియోన్ నగరమునందు 1965లో ఏర్పడిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థలో పనిచేసినవారు. 2007లో ఫలితములు లాన్సెట్ పత్రికలో వెలువడినవి. పరీక్షలు జరిగిన గ్రామములలో ఆ క్యాన్సరు నూటికి ఇరువదియైదు పాళ్లు, దానివలన మరణములు ముప్పదియైదు పాళ్లు తగ్గినట్లు తేలినది. అయితే తగ్గినదని ఎట్లు తెలిసెను? అంబిళిక్కైలోని ఆసుపత్రిని ఆధారముగా చేసికొని ఆ జిల్లాకు ఒక నమోదు పట్టికను ఏర్పరచి, ప్రతి రోగిని, ప్రతి మరణమును వెదకి వ్రాసినందున తెలిసెను. ఆ ఇండ్లలోనివారు ఆ యువకుని పంపివేసినట్లు పంపివేసి యుండినచో, తగ్గిన సంగతి లోకమునకు తెలిసెడిది కాదు. ఇతర దేశములలోని బీద స్త్రీలకు ఆ పరీక్ష చేరెడిదియు కాదు.

తెలుగునాట జరిగిన పని ఇంకను పాతది. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలలో, విశేషముగా స్త్రీలు, చుట్టను నిప్పున్న కొన నోటిలోపల నుంచుకొని కాల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. అంగిలియందు క్యాన్సరు ప్రపంచములో మరెచటను లేనంతగా అచట కనబడుటను విశాఖపట్టణపు వైద్యులు 1930ల దశకముననే గుర్తించిరి. 1971లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో 10,169 మంది గ్రామస్థులను ఇంటింటికి పోయి పరీక్షించిన వివరములున్నవి. డెన్మార్కు దేశస్థుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థనుండి ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్త మొదలగువారు ఆ పని చేసిరి. తరువాత శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరు జిల్లాలలో కలిపి ముప్పదియారు వేలమంది పొగాకు వాడువారికి బోధచేసి మాన్పించుటవలన నోటి పుండ్లు తగ్గునా యని ఏండ్లతరబడి వెంబడించి చూచిరి. బోధ పనిచేయునని 1986లో తేల్చి చెప్పిరి. ఈ గుప్తగారును గణాంకశాస్త్రజ్ఞుడే. ఆ పరిశోధనల పత్రములలో అడ్డపొగ అను మన మాట ఆంగ్ల లిపిలో నిలిచిపోయినది. ఎవరో ఒక అవ్వ చెప్పగా ఎవరో విని వ్రాసికొన్న మాట.

మాటల సంగతి వచ్చినది గనుక మన ప్రాంతమునకు సంబంధించిన చిక్కు నొకదానిని చెప్పెదము. అరవములో ఈ వ్యాధిని పుట్రునోయ్ అందురు. పుట్ట పెరిగినట్లు పెరుగుటచేత. మన పెద్దలు పుట్టకురుపు అనుటయు అందువలననే. కాని రాచపుండు, రాచకురుపు అను మాటలు మన ఇండ్లలో రెండర్థములతో వాడుకలో నున్నవి. కొందరు క్యాన్సరును అట్లందురు. కొందరు మధుమేహరోగులకు వీపుమీద లేచు పెద్ద కురుపును అందురు. అడుగువానికి ఈ భేదము తెలియకపోయెనా, క్యాన్సరు మరణము కురుపు పద్దులో పడును, కురుపు మరణము క్యాన్సరు పద్దులో పడును. "కడుపులో గడ్డ", "తెల్లబట్ట ఆగలా", "తిన్నది దిగలా" అని మన ఆడవారు చెప్పు మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క అవయవమునకు దారిచూపును. చెన్నపట్టణములో వేండాన్ గజలక్ష్మిగారు నలుబదియెనిమిది వేలమంది పెద్దల మరణములను ఇంటివారిని అడిగి తెలిసికొనిరి. అడిగినవారు వైద్యులు కారు, శిక్షణ పొందిన పట్టభద్రులు. మునిసిపాలిటీ పుస్తకములో కారణము తెలియదని యున్న మరణములలో పెక్కింటికి ఆ విధముగా కారణము దొరకినది. చనిపోయినవారి ఇంట కూర్చుండి, ఏడ్పు ఆగువరకు కాచియుండి, చివరి నెలల కథ విని, అందునుండి రోగమును విడదీయుట ఎంతటి విద్యయో ఆలోచింపుడు.

వినుట మన నేలకు క్రొత్త కాదు. కోవిల్‌పట్టి ప్రక్కన ఇడైసేవలు గ్రామమున, తెలుగు మాటలాడు ఇంట పుట్టి, ఏడవ తరగతికి మించి బడికి పోని కి. రాజనారాయణన్‌గారు కరిసల నేల జనుల నోటి మాటలను ఏరి నిఘంటువు కట్టిరి. అరవ సాహిత్యమునకు అది మన ఇండ్లనుండి పోయిన కానుక. ఆ చెవితోనే రోగములను వినగలవారు ఇప్పుడు కావలెననుచున్నాము.

ఈ ప్రాంతమున విచారింపదగిన ప్రశ్నలకు కొదువ లేదు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పనిలో తరతరములుగా మనుష్యులు గంధకము, పొటాసియము క్లోరేటు నడుమ బ్రతుకుచున్నారు. పూర్వము తెల్ల భాస్వరముతో అగ్గిపుల్లలు చేయు దినములలో ఆ పనివారి దవడ ఎముకలు కుళ్లిపోవుచుండెను. అది క్యాన్సరు కాదుగాని, పనికిని రోగమునకును సంబంధమును లెక్కలతో చూపినందుననే లోకమంతట నిషేధము వచ్చినది. మన దేశమున 1913లో చట్టము చేసిరి. 1775లోనే పెర్సివాల్ పాట్ అను ఇంగ్లీషు వైద్యుడు పొగగొట్టములు తుడుచు పనివారికి వచ్చు క్యాన్సరునకు మసి కారణమని చెప్పియుండెను. ఇప్పటి బాణసంచా, అగ్గిపెట్టె పనివారిని ఇరువదియేండ్లు వెంబడించి చూచు ఓపిక గలవారు ఈ జిల్లాలలోనే పుట్టవలెను. చెన్నైనుండి వచ్చిపోవువారికి అది సాధ్యము కాదు.

వేరుసెనగ సంగతి మరియొకటి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినవి. కారణము వెదకగా మేతలోని వేరుసెనగ పిండిలో పెరిగిన బూజు అని తేలెను. ఆ బూజువిషమునకు అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. అది మనుష్యులకు కాలేయ క్యాన్సరు కలిగించునని తరువాత రూఢి యైనది. కోవిల్‌పట్టి కడలమిఠాయిని నిందించుట మా యుద్దేశము కాదు, మేమును తినువారమే. గింజలను బాగుగా ఎండబెట్టి, ముడుతపడినవానిని, రంగు మారినవానిని ఏరివేసిన విషము చాలవరకు తొలగును. విరుదునగరు వర్తకులకు మంచి గింజ ఏదో చెడు గింజ ఏదో తాతలనాటినుండి తెలియును. అట్టి వర్తకుల ఇంట పుట్టిన బిడ్డ ఈ విద్య నేర్చినచో, గోదాములో కాలు పెట్టిన క్షణముననే ఏ ప్రశ్న వేయవలెనో తోచును.

ఇక శిక్షణ ఎచట దొరకును? గణితముగాని గణాంకముగాని జీవశాస్త్రముగాని చదివి పట్టము పొందినవారికి, నర్సులకు, డాక్టర్లకు, ఎవరికి తగిన దారి వారికి కలదు. చెన్నైలో భారత వైద్య పరిశోధన మండలివారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ 1999లో ఏర్పడినది. అచట ఉన్నతవిద్య గరపుదురు. ముంబయిలో టాటా స్మారక కేంద్రము క్యాన్సరు ఎపిడెమియాలజీకే ప్రత్యేక విభాగమును నడుపుచున్నది. బెంగుళూరులో జాతీయ నమోదు కార్యక్రమపు కేంద్రమున్నది. ఇచట అనుభవము గడించినవారికి లియోన్‌లోని సంస్థ వేసవి పాఠములు, విద్యార్థివేతనములు ఇచ్చుచున్నది. కోవిల్‌పట్టి వెంకటస్వామినాయుడు కళాశాలలోనో విరుదునగరు సెందిల్‌కుమారనాడారు కళాశాలలోనో పట్టము పొందిన పిల్లకు ఇవి అందని ఎత్తులు కావు. విరుదునగరుననే 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరచిరి. అచట సామాజిక వైద్యవిభాగమున చేరు డాక్టరులను "రోగులను చూడని డాక్టరు" అని పెండ్లి మధ్యవర్తులు తక్కువ చేసి మాటాడుట మేము చెవులార వింటిమి.

మాకు వచ్చు ఆక్షేపణలను మేము ఎరుగుదుము. ఈ పనిలో జీతము తక్కువ, చాలమందికి ఒప్పంద ఉద్యోగమే, పథకము ముగిసిన పని పోవునని అందురు. నిజమే. దానిని దాచి పిల్లలను పంపుమని మేము చెప్పలేము. అందుననే సంఘము చేయి ఈయవలెననుచున్నాము. ఇంజనీరింగు చదువులకు సంఘము ఇచ్చుచున్న సహాయము మెచ్చదగినదే. కాని ఆ చదువునకు ఇప్పుడు బ్యాంకులు ఎదురు వచ్చి అప్పు ఇచ్చుచున్నవి. బ్యాంకు అప్పు ఈయని చదువునకే సంఘపు ధనము చేరుట న్యాయము. ఏటేటా రెండు విద్యార్థివేతనములు ఈ విద్యకై వేరుపరుపవలెననియు, అందొకటి తప్పక ఆడపిల్లకు ఈయవలెననియు మా మనవి. రొమ్ములోని గడ్డను గూర్చి, గర్భాశయమును గూర్చి మన ఇంటి స్త్రీ పరాయి మగవానితో చెప్పునా? ఆ దినమున ఆ వాకిట నిలిచినది ఆడపిల్లయై యుండినచో, లోపలినుండి పెద్దామె కోడలైన వచ్చి రెండు మాటలు చెప్పియుండెడిదని మా నమ్మకము.

మనవారి లెక్క మనకే గాని ఊరిలో తక్కినవారితో మనకేమి పని యని ఎవరైన అనిన, వారికి ఒక్క మాట. అగ్గిపెట్టెల పనిలో నున్న స్త్రీ తెలుగు ఇంటిదా, అరవ ఇంటిదా యని వ్యాధి అడుగదు. పరిశోధకుడు అరవములో అడిగి, ఇంగ్లీషులో వ్రాసి, తెలుగులో వినగలవాడైన, శివకాశిలోను పనికివచ్చును, శ్రీకాకుళములోను పనికివచ్చును. నాలుగైదు వందల ఏండ్లుగా రెండు భాషలలో బ్రతుకుచున్న మనకు ఆ నేర్పు ఊరక దొరకినది. బడికి పోయి నేర్వవలసినది తక్కిన భాగము మాత్రమే.

పేరు బయటపడునని జంకువారికి ఒక మాట చెప్పవలెను. నమోదు పట్టికలు ప్రకటించునవి సంఖ్యలు, పేర్లు ప్రకటింపవు. రహస్యమును కాపాడుట ఆ ఉద్యోగుల మొదటి పాఠము. మన తిన్నెల మీద ఆ పాఠము నేర్చినవారు తక్కువ. ఆ పెద్దామె రోగము సంగతి ఊరంతట చాటినది కాగితముల సంచి మోసిన యువకుడు కాడు.

సంఘపు సర్వసభ్య సమావేశమున ఈ విద్యార్థివేతనముల ప్రస్తావనను పెట్టదలచినాము. అంతలో, ఎవరి ఇంటనైన మదురకో చెన్నైకో చికిత్సకు పోవువారున్నచో, ఆసుపత్రి చీటీలో బంధువుల చిరునామాతోపాటు సొంత ఊరి చిరునామాను కూడ, ఇదియే మా కాపురపు ఊరు అని చెప్పి వ్రాయింపుడు.

ఆ పెద్దామె సాంవత్సరికము వచ్చు నెలలో నున్నది. మేము మరల ఆ ఇంటికి పోవలసియున్నది. పెద్దకుమారుని ప్రక్కకు పిలిచి, ఆ యువకునికి చెప్పవలసియుండిన మూడు సంగతులు, ఎన్నేండ్లు ఈ యూర నుండెను, ఏ రోగము, ఏ దినమున పోయెను అనునవి, ఇప్పటికైన నమోదు పట్టికవారికి వ్రాసి పంపింపుమని అడుగదలచినాము. ఆయన కోపపడవచ్చును. ఆనాడు ఊరకుండినందులకు మామీద మాకున్న కోపముకన్న అది ఎక్కువ కాదు.